తాళం వేశాక కూడా కరెంటు తాగుతున్న కారు

ప్రశ్న: నా దగ్గర పన్నెండేళ్ల నాటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారుంది, పైకప్పు మడిచేది. రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఆదివారాలు తప్ప బయటికి తియ్యను. ఆరు నెలలుగా ఒకటే గొడవ. అయిదు రోజులు కదపకుండా ఉంచితే చాలు, సెల్ఫ్ కొట్టినప్పుడు టకటకమనే చప్పుడు తప్ప ఇంజను తిరగదు. 45 యాంపియర్ అవర్ బ్యాటరీ రెండుసార్లు మార్చాను. ఆల్టర్నేటర్ పోయిందన్నారు, అదీ కొత్తది వేయించాను. మళ్లీ అదే కథ. ఇప్పుడేమో ఇంకా పెద్ద బ్యాటరీ వెయ్యమని ఒకరు, కటాఫ్ స్విచ్ పెట్టించమని ఇంకొకరు అంటున్నారు. అసలు కరెంటు ఎక్కడికి పోతోందో నేనే కనిపెట్టగలనా? ఇంట్లో మల్టీమీటర్ ఉంది, వాడటం కాస్తో కూస్తో తెలుసు.

సమాధానం: కనిపెట్టగలరు. మూడో బ్యాటరీ మాత్రం ఇప్పుడే కొనకండి. ఇప్పటిదాకా జరిగిందేమిటంటే, తొట్టి మార్చారు, తొట్టి నింపే మోటారు మార్చారు. ఎక్కడో సగం తిప్పి వదిలేసిన కుళాయి అలాగే కారుతోంది. పెద్ద తొట్టి పెడితే అయిదు రోజులు కాస్తా ఏడు రోజులవుతాయి, అంతకు మించి ఒరిగేదేమీ లేదు.

మీ ఉత్తరంలోనే సగం సమాధానం దొరుకుతోంది. సెల్ఫ్ మోటారు మొండికేసేది బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయ్యాక కాదు, సగానికి కాస్త దిగువకు రాగానే. అంటే మీకు పోతున్నది సుమారు 25 యాంపియర్ అవర్లు. అయిదు రోజులంటే 120 గంటలు. భాగించి చూడండి, 0.2 యాంపియర్ వస్తుంది. మిల్లీ యాంపియర్లలో 200. తాళం వేసి నిద్రపోతున్న కారు లాగాల్సింది 50 లోపే. చాలా బండ్లు 20, 30 దగ్గర ఆగుతాయి. గడియారానికి, అలారానికి, రిమోట్ కోసం చెవి ఒగ్గి కూర్చునే రిసీవర్‌కి, కంప్యూటర్ల జ్ఞాపకానికి ఆ మాత్రం చాలు. మీ కారు దానికి నాలుగైదు రెట్లు తాగుతోందన్నమాట.

ఈ అంకె చేతికొస్తే వెతకడం తేలికవుతుంది. గ్లవ్ బాక్సులో ఉండే 5 వాట్ల బల్బు ఆరకుండా వెలుగుతూ ఉంటే 400 మిల్లీ యాంపియర్లు లాగుతుంది, మీ బండి మూడో రోజుకే మొరాయించేది. హెడ్‌లైట్లయితే ఒక్క రాత్రి చాలు. 200 చుట్టుపక్కల తిరిగేవి వేరే ఉన్నాయి. వదలకుండా పట్టుకుని ఉన్న రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) కాయిల్ ఒక్కటే 150 దాకా లాగుతుంది. తర్వాత ఎవరో బిగించిన ఆంప్లిఫయర్, నిద్రలోకి జారుకోని కంట్రోల్ మాడ్యూల్ (కారులో ఒక్కో పని చూసే చిన్న కంప్యూటర్) వంటివి. అయితే ఇది సగటు సుమా. రోజంతా 200 మిల్లీ యాంపియర్లు లాగినా, రోజుకు గంటన్నర పాటు 3 యాంపియర్లు లాగినా బ్యాటరీకి తగిలే దెబ్బ దాదాపు ఒకటే. ఈ రెండో రకం దగ్గరికి మళ్లీ వస్తాను. నేను అందరికన్నా ఎక్కువ రాత్రులు పోగొట్టుకున్నది దానితోనే.

ముందు బ్యాటరీ మీద అనుమానం తీర్చుకోండి. పూర్తిగా ఛార్జి చేసి, మైనస్ కేబుల్ విప్పి పక్కన పెట్టి, కొన్ని గంటలు ఆగి వోల్టేజీ చూసి రాసుకోండి. ఛార్జర్ తీసిన వెంటనే చూస్తే పైపై ఛార్జి వల్ల ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. నిండుగా ఉన్న మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 నుంచి 12.7 వోల్టులు చూపాలి, ఏజీఎమ్ రకమైతే (యాసిడ్ గాజు పీచు పొరల్లో ఇంకి ఉండేది) 12.8 పైన. 12.2 అంటే సగమే ఉన్నట్టు, 12.0 అంటే పావు వంతు. మూడు రోజులు అలాగే వదిలి మళ్లీ చూడండి. కేబుల్ లేకుండానే దిగిపోతే దోషం బ్యాటరీలోనే ఉంది. ఆ అవకాశం మీకు లేకపోలేదు. కారు బ్యాటరీ సెల్ఫ్ కోసం ఒక్కసారిగా వందల యాంపియర్లు ఇచ్చి వెంటనే నిండటానికి తయారైనది. అడుగంటా పిండి, రోజుల తరబడి అలాగే ఉంచితే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది, ఆ తర్వాత ఎంత ఛార్జి పెట్టినా పాత బలం రాదు. మీ మొదటి బ్యాటరీని బహుశా ఈ లీకేజే తినేసింది. రెండోదీ అదే దారిలో ఉంది.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.7 వోల్టుల మధ్య వస్తే ఆల్టర్నేటర్ ఛార్జి చేస్తున్నట్టే. అది మార్చకముందు ఈ ఒక్క కొలత ఎవరైనా తీశారా అని నాకు అనుమానం.

ఇక అసలు పని. ఇక్కడ తొందరపడితే దక్కేది తప్పు అంకె. నిద్రపోతున్న పసిబిడ్డ పక్కనుంచి నడిచినట్టు మెలగాలి, ఎందుకంటే ఈ కాలపు కారు మీరు తలుపు తీసినా, తాళం జేబులో పెట్టుకుని దగ్గరికొచ్చినా మేలుకుంటుంది. మేలుకున్న కారు నాలుగైదు యాంపియర్లు లాగడం మామూలే. దాన్ని చూసి లీకేజీ దొరికిందని సంబరపడి, మంచి మాడ్యూళ్లు పీకి పారేసినవాళ్లను చూశాను.

అందుకని ముందే అన్నీ సర్దుకోండి. తాళం చెవులు రెండూ కారుకు దూరంగా, ఇంకో గదిలో పెట్టండి. అద్దం పూర్తిగా దించండి. మీ రకం కార్లలో తలుపుకు ఫ్రేము ఉండదు, తలుపు తీసినప్పుడల్లా అద్దం కాస్త కిందికి జారి దారిస్తుంది. కరెంటు లేనప్పుడు అది జారదు, బలవంతంగా తీస్తే అద్దమో రబ్బరో పోతుంది. ఫ్యూజు బాక్సుల మూతలు ముందే తీసేయండి. లోపలి ఫ్యూజులు అందాలంటే తలుపు తెరిచి ఉంచాలి కదా, తలుపు అంచులో ఉన్న లాచ్‌లోకి స్క్రూడ్రైవర్ పెట్టి రెండు క్లిక్కులు వచ్చేదాకా నొక్కండి. తలుపు మూశారనుకుని కారు లోపలి లైటు ఆర్పేస్తుంది. బానెట్ లాచ్‌కి కూడా అంతే. పని అయ్యాక హ్యాండిల్ లాగి ఆ లాచ్‌ను విడిపించిన తర్వాతే తలుపు వెయ్యండి. మరిచిపోయి ధడాలున వేస్తే లాచ్ వంగిపోతుంది.

స్పోర్ట్స్ కార్లలో బ్యాటరీ ఎక్కడ ఉంటుందన్నది ఇంకో చిక్కు. బరువు సమతూకం కోసం దాన్ని ఎక్కడెక్కడో దాస్తారు. మొదటి తరం మాజ్దా ఎమ్ఎక్స్-5లో డిక్కీలో ఉంటుంది. పోర్షే 911లో ఇంజను వెనక కాబట్టి ముందున్న డిక్కీలో. మీదీ డిక్కీలోనే అయితే, కొలవడానికి డిక్కీ తెరిచారంటే డిక్కీ లైటు వెలుగుతుంది, మూత తెరిచి ఉందని కారు మేలుకునే ఉంటుంది. దాని లాచ్ కూడా స్క్రూడ్రైవర్‌తో మూయాల్సిందే. మూత తెరిచేది కరెంటు లాచ్ అయితే మాత్రం, బ్యాటరీ విప్పి ఉండగా ఆ మూతను పొరపాటున కూడా వెయ్యకండి. బ్యాటరీ లోపల, మీరు బయట ఉండిపోతారు.

చేతికి ఉంగరం, లోహపు గడియారం ఉంటే తీసేయండి. గాలి ఆడే చోట పని చెయ్యండి, ఛార్జి అయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్.

మీటర్‌లో ఎర్ర తీగను 10 యాంపియర్ల సాకెట్‌లోకి మార్చండి, డయల్‌ను డీసీ యాంపియర్ల మీద పెట్టండి. కేబుల్ ఊడదీసి మీటర్ కలపడం అందరూ చేసేదే, కానీ ఆ క్షణంలో కరెంటు తెగి కారు కొత్తగా మేలుకుంటుంది. ఒక్కోసారి తెగడం వల్లే ఇరుక్కున్న రిలే విడిపోయి, లోపం ఆ పూటకు మాయమవుతుంది. కాస్త లావుపాటి జంపర్ తీగ తీసుకుని, ఒక క్లిప్పు బ్యాటరీ మైనస్ దిమ్మకు, ఇంకోటి మైనస్ కేబుల్ కొసకు పెట్టండి. ఇప్పుడు కేబుల్‌ను దిమ్మ మీదనుంచి లేపినా కరెంటు జంపర్ గుండా పారుతూనే ఉంటుంది. మీటర్ తీగలు రెండూ అదే రెండు చోట్ల కలిపి, అప్పుడు జంపర్ తీసేయండి. మీటర్ తగిలించి ఉండగా ఇగ్నిషన్ ఆన్ చెయ్యకూడదు, సెల్ఫ్ అసలే కొట్టకూడదు. కొడితే మీటర్ లోపలి ఫ్యూజు పోతుంది. తలుపు తియ్యాల్సి వస్తే ముందు జంపర్ తిరిగి పెట్టండి.

ఇక వేచి ఉండటమే. కనీసం ముప్పావు గంట. ఆ సమయంలో మీటర్ మీద కనిపించేది చూడముచ్చటగా ఉంటుంది. మొదట 4 యాంపియర్ల దగ్గర ఊగుతుంది. కాసేపటికి ఎక్కడో టక్కుమని ఒక రిలే వదులుతుంది, అంకె 1.3కి పడుతుంది. ఇంకొన్ని నిమిషాలకు 0.6. మెట్లు దిగినట్టు దిగుతూ, ఆరోగ్యంగా ఉన్న కారైతే 0.03 దగ్గర స్థిరపడుతుంది. మీది 0.2 దగ్గర నిలబడిపోతుందని నా అంచనా. ఎన్ని నిమిషాలకు ఏ అంకె వచ్చిందో కాగితం మీద రాసుకోండి. ఏ మెట్టు దగ్గర ఆగిందో కూడా ఒక ఆచూకీయే.

ఇప్పుడు ఏ దారిన పోతోందో చూడాలి. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ మీటర్ చూడమని చెప్పేవాళ్లు చాలామంది. పాతకాలపు బండికి అది బాగానే పనికొస్తుంది. కంప్యూటర్లున్న కారులో ఒక ఫ్యూజు పీకి పెట్టగానే నాలుగు మాడ్యూళ్లు లేచి కూర్చుంటాయి, మళ్లీ ముప్పావు గంట కావాలి. ఫ్యూజును కదపకుండానే చూసే పద్ధతి ఉంది, నేను వాడేది అదే. బ్లేడు ఫ్యూజు నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలు కనిపిస్తాయి, పరీక్ష కోసమే వదిలిన చోట్లు. ఈసారి మీటర్‌ను డీసీ మిల్లీవోల్టుల మీద పెట్టి, ఎర్ర తీగను మళ్లీ వోల్టుల సాకెట్‌లోకి మార్చి, రెండు మొనలూ ఆ చుక్కల మీద ఆనించండి. (అంతకు ముందే జంపర్ తిరిగి పెట్టాలన్నది మరిచిపోకండి. మీటర్ తీసేస్తే దారి తెగుతుంది.) ఫ్యూజు కూడా ఒక సన్నని తీగే, దానిలో కరెంటు పారితే రెండు కొసల మధ్య అతి కొద్ది వోల్టేజీ పుడుతుంది. 0.0 చూపిస్తే ఆ దారి నిద్రపోతున్నట్టే. 10 యాంపియర్ల మినీ ఫ్యూజు నిరోధం దాదాపు 7, 8 మిల్లీ ఓములు, కాబట్టి దాని మీద 1 మిల్లీవోల్టు కనిపిస్తే సుమారు 130 మిల్లీ యాంపియర్లు పోతున్నట్టు లెక్క. 20 యాంపియర్ల ఫ్యూజు లావు కాబట్టి అదే 1 మిల్లీవోల్టుకు 300 దాకా పోతాయి. అందుకే పెద్ద ఫ్యూజుల దగ్గర 0.3, 0.5 అన్నా తేలిగ్గా తీసుకోవద్దు. మీ మీటర్ మిల్లీవోల్టులో పదో వంతు చూపించగలిగితే చాలు. ఇంజను దగ్గరి పెట్టె, డ్యాష్‌బోర్డు కింది పెట్టె రెండూ చూడండి.

ఫ్యూజు దొరికింది అంటే వీధి దొరికినట్టు, ఇల్లు ఇంకా దొరకలేదు. ఆ ఫ్యూజు మీద ఏమేమి నడుస్తాయో కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. వాటి కనెక్టర్లు ఒక్కొక్కటే విప్పుతూ అంకె పడిపోయేది ఎక్కడో చూడాలి. రిలేల మీద వేలు పెట్టి చూడటం నాకు అలవాటు. గంటసేపు ఆగి ఉన్న బండిలో అన్నీ చల్లగా ఉండగా ఒకటి మాత్రం గోరువెచ్చగా తగిలితే, అది పట్టు వదలని రిలే. ముందు యజమాని పెట్టించిన వస్తువుల మీద కూడా నాకు అనుమానం ఎక్కువ. ట్రాకర్, డ్యాష్ కెమెరా, సీటు కింద ఆంప్లిఫయర్, కారు కంప్యూటర్లను పరీక్షించే ఓబీడీ సాకెట్‌లో గుచ్చి మరిచిపోయిన బుడిపె. ఇవి బిగించేవాళ్లు చాలాసార్లు ఇగ్నిషన్‌తో ఆరే వైరు వదిలేసి ఎప్పుడూ కరెంటుండే వైరుకు కలిపేస్తారు. సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి, మీటర్ తగిలించకముందే సీట్ల కింద, డ్యాష్‌బోర్డు వెనక టార్చి వేసి కంపెనీ వైరింగులా లేని టేపు చుట్టిన జాయింట్లు వెతకండి. మీ కారుకు మడిచే పైకప్పు ఉంది కాబట్టి ఆ మోటారు మాడ్యూల్, కప్పు పూర్తిగా మూసుకుందో లేదో చెప్పే మైక్రో స్విచ్చులు కూడా లెక్కలోకి వస్తాయి. తలుపు లాచ్‌లో ఉండే చిన్న స్విచ్ అరిగితే తలుపు వేసి ఉన్నా తెరిచి ఉందనే కారు అనుకుంటుంది, పడుకోదు. గ్లవ్ బాక్సు లైటు, డిక్కీ లైటు ఆరుతున్నాయో లేదో చూడాలంటే ఫోన్‌లో వీడియో ఆన్ చేసి లోపల పెట్టి మూత వేస్తే సరిపోతుంది.

ఏ ఫ్యూజు మీదా ఏమీ కనిపించకపోతే, ఫ్యూజు పెట్టె దాటకుండా నేరుగా బ్యాటరీ నుంచి కరెంటు తీసుకునేవి మిగులుతాయి. వాటిలో మొదటిది ఆల్టర్నేటర్. దాని లోపలి డయోడ్లలో (కరెంటును ఒకవైపే పోనిచ్చేవి) ఒకటి చెడితే ఛార్జింగు బాగానే ఉంటుంది, బండి ఆగాక మాత్రం కరెంటు వెనక్కి కారుతుంది. కొత్తది వేశాం కదా అని వదిలెయ్యకండి, రిపేరు చేసి కొత్తదిగా ఇచ్చినవాటిలోనూ ఇది జరుగుతుంది. బ్యాటరీ మైనస్ విప్పాకనే ఆల్టర్నేటర్ లావు కేబుల్ తీసి, కొసకు టేపు చుట్టి, మళ్లీ బ్యాటరీ కలిపి కొలవండి. అంకె పడిపోతే దొంగ అక్కడే.

ఇందాక దాచిన రకం గురించి. ఒక రెండు సీట్ల కారు నా దగ్గరికి వచ్చింది, ఎప్పుడు కొలిచినా 28 మిల్లీ యాంపియర్లే. అంతకన్నా బుద్ధిమంతురాలైన బండి ఉండదు. అయినా వారం తిరిగేసరికి డౌన్. మూడోసారి తీసుకొచ్చినప్పుడు దాని యజమాని ముఖం చూడలేకపోయాను. ఆ రాత్రి మైనస్ కేబుల్ చుట్టూ డీసీ క్లాంప్ మీటర్ (తీగ తెంచకుండా చుట్టూ బిగించి కరెంటు కొలిచేది) వేసి, మీటర్ తనంతట తాను ఆరిపోకుండా ఆ సదుపాయం తీసేసి, ఎదురుగా ఫోన్ పెట్టి రికార్డింగు వదిలి వెళ్లాను. పొద్దున్న వీడియో ముందుకు జరుపుతూ చూస్తే, అర్ధరాత్రి దాటాక ఉన్నట్టుండి అంకె 3.6 యాంపియర్లకు ఎగిరింది. పది నిమిషాలు అక్కడే ఉండి, మెట్లు దిగి 28 మిల్లీ యాంపియర్లకు వచ్చింది. మళ్లీ అరగంటకు అదే. తెల్లారేలోపు ఏడుసార్లు. ఒకవైపు తలుపు హ్యాండిల్‌లో చెయ్యి తగిలితే కారును లేపే సెన్సర్ ఉంటుంది, దానిలోకి తేమ చేరింది. రాత్రి చల్లబడినప్పుడల్లా ఎవరో చెయ్యి వేశారనుకుని కారు ఉలిక్కిపడి లేచేది. పగలు ఎన్నిసార్లు కొలిచినా అది బయటపడేది కాదు. మీకూ ముప్పావు గంట తర్వాత అంకె 50 లోపే వస్తే లోపం లేదని అనుకోకండి, ఒక రాత్రంతా కాపలా పెట్టండి. ఆ పనికి మాత్రం క్లాంప్ మీటరే మంచిది, మల్టీమీటర్‌ను తీగ మధ్యలో పెట్టి రాత్రంతా వదలొద్దు. కొనేముందు అది డీసీ కొలుస్తుందో లేదో చూసుకోండి, చాలావాటిలో ఏసీ మాత్రమే ఉంటుంది. మిల్లీ యాంపియర్లు చూపించగలదో లేదో కూడా చూడండి.

కటాఫ్ స్విచ్ (బ్యాటరీని కారు నుంచి విడదీసేది) సంగతి అడిగారు. అది పెడితే బ్యాటరీ నిలబడుతుంది, నిజమే. కానీ అలారం ఉండదు, అద్దాలు ఎక్కడిదాకా వెళ్లాలో కారు మరిచిపోతుంది, కొన్నింటిలో రేడియో కోడ్ అడుగుతుంది, ఇంజను ఐడిల్ (బండి నిలబడి ఉన్నప్పుడు తిరిగే వేగం) మళ్లీ నేర్చుకోవాలి. పైగా లోపం లోపలే ఉంటుంది. వేడెక్కుతున్న రిలేనో, తోలు ఊడిన వైరో అయితే దాన్ని దాచిపెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు. లోపం దొరికి, సరిచేశాక కూడా వారానికోసారి తీసే బండికి బ్యాటరీ మెయింటెయినర్ (బ్యాటరీని నిండుగా ఉంచే చిన్న ఛార్జర్) పెట్టడం మంచి అలవాటు. ఆదివారం పావుగంట తిప్పితే వారం మొత్తం పోయింది తిరిగి రాదు. ఎప్పుడైనా బరువు తగ్గుతుందని లిథియం బ్యాటరీ వేయిస్తే ఛార్జర్ కూడా లిథియానికి సరిపోయేది కావాలి. వాటిలో నిల్వ తక్కువ, ఇలాంటి లీకేజీని అవి ఇంకా త్వరగా చూపిస్తాయి.

ఈ వారం బ్యాటరీ ఛార్జి పెట్టి మొదలుపెట్టండి. ముప్పావు గంట తర్వాత మీటర్ ఏ అంకె దగ్గర ఆగింది, ఏ ఫ్యూజు మీద ఎన్ని మిల్లీవోల్టులు వచ్చాయి, ఆ ఫ్యూజు ఎన్ని యాంపియర్లది, కారు మోడల్ ఏది అన్నవి రాసి పంపండి. అక్కడినుంచి ఏ కనెక్టర్ ముందు విప్పాలో కలిసి చూద్దాం.